ధర ఎక్కడి నుంచి ఉరికిందో చూడండి: డిమాండ్, సప్లై జోన్లతో ట్రేడింగ్

ముందు చార్టు మీదున్న ఇండికేటర్లన్నీ తీసేయండి. ఆర్‌ఎస్‌ఐ, మాక్‌డీ, రంగురంగుల యావరేజీలు, అన్నీ. క్యాండిల్స్ మాత్రమే మిగలాలి. టైమ్‌ఫ్రేమ్ డైలీలో పెట్టండి, అప్పుడు ఒక్కో క్యాండిల్ ఒక్కో రోజు ధర. నిన్నటిదాకా ఐదు నిమిషాల చార్టు చూసినవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి. ధర ఒకప్పుడు పైకి ఉరికిన చోటు డిమాండ్ జోన్, కిందికి ఉరికిన చోటు సప్లై జోన్; వాటిని గీసుకుని కొనడం, అమ్మడమే ఈ పద్ధతి. దీనికి రోజుకు ముప్పావు గంట చాలు, అదీ రాత్రి పూట.

నాకు దొరికేది కూడా ఆ టైమే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజన్ వచ్చిందంటే, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, పొద్దున్నే యార్డులో ఉండాలి. పాటలు, కాంటాలు, తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే లెక్క చీటీలు), రైతుల లెక్కలు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. షేర్ మార్కెట్ 9:15కు తెరిచి 3:30కి మూస్తారు. ఆ సమయమంతా నా చేతిలో ఫోన్ కంటే పెన్నే ఎక్కువ ఉంటుంది. అందుకే స్క్రీన్ ముందు కూర్చోనక్కరలేని పద్ధతిని పట్టుకున్నాను. మీరు ఉద్యోగం చేసుకుంటూ, సొంత డబ్బుతో, షేర్లను డెలివరీలో కొని కొన్ని రోజులో కొన్ని వారాలో ఉంచుకునేవాళ్లయితే ఇది మీకు పనికొస్తుంది. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేవాళ్లకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు.

ఒక మాట ముందే అనేసుకుందాం. జోన్ గీశాక ధర అక్కడి నుంచి తిరిగి తీరుతుందని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర కోర్సు ఉందేమో చూడండి, అమ్మడానికి. నా మటుకు జోన్ చేసే మేలు వేరే. నా లెక్క తప్పితే అది ఏ ధర దగ్గర తెలుస్తుంది, అప్పటికి ఎన్ని పైసలు పోతాయి అన్నది కొనకముందే చెప్పేస్తుంది. కింద రాసిందంతా దానికోసమే.

ధర ఎందుకు కదులుతుంది

"కొనేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే పెరిగింది" అని టీవీలో రోజూ వింటాం. ఒక షేరు కొన్నారంటే ఎదురుగా ఒకరు అమ్మినట్టే కదా. కొన్నదీ అమ్మిందీ ఎప్పుడూ సమానమే. మరి ధర ఎలా కదిలింది?

మీ యాప్‌లో ఏదైనా షేరు మీద నొక్కి మార్కెట్ డెప్త్ తెరవండి. ఎడమవైపు కొనేవాళ్ల ఐదు వరసలు, కుడివైపు అమ్మేవాళ్ల ఐదు వరసలు కనిపిస్తాయి. అమ్మేవాళ్ల వైపు 490.00 దగ్గర 1,200 షేర్లు, 490.10 దగ్గర 800, 490.25 దగ్గర 3,000 ఉన్నాయనుకోండి. ఒకరు వచ్చి, ఉన్న ధరకే కొనేసే మార్కెట్ ఆర్డర్‌లో 5,000 షేర్లు అడిగారు. మొదటి వరస ఖాళీ, రెండోది ఖాళీ, మూడోదీ ఖాళీ. ఆఖరి ట్రేడ్ 490.25 దగ్గర పడింది, ఇక అమ్మకానికి సరుకు కావాలంటే ఆ పైధరకే. ధర కదలడం అంటే ఇంతే, ఒక ధర దగ్గర నిలబడి ఉన్న ఆర్డర్లు అయిపోవడం.

ఇప్పుడు ఒక మ్యూచువల్ ఫండ్‌కు ఐదు వేలు కాదు, పది లక్షల షేర్లు కావాలి. ఒక్కసారిగా అడిగితే వరసలన్నీ తినేసి, తన కొనుగోలు ధర తానే పెంచుకున్నట్టవుతుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా, రోజుల తరబడి, ఒకే ధర చుట్టూ కొంటారు. ఎన్‌ఎస్‌ఈలో ఆర్డర్ పెట్టేటప్పుడు మొత్తం క్వాంటిటీని చూపించనక్కరలేదు, పదో వంతు చూపించి మిగతాది దాచుకోవచ్చు. కాబట్టి డెప్త్‌లో కనిపించేదే మొత్తం అనుకోవద్దు.

వాళ్లు అలా కొంటున్నన్ని రోజులూ చార్టు మీద చిన్న చిన్న క్యాండిల్స్ పక్కపక్కన పడతాయి. అమ్మేవాళ్లు అయిపోయిన రోజున ధర అక్కడి నుంచి ఉరుకుతుంది. ఫండ్‌కు కావలసిన పది లక్షల్లో ఆరు లక్షలే దొరికి ఉండొచ్చు. మిగతా నాలుగు లక్షల కోసం, ధర మళ్లీ అక్కడికి దిగితే, మళ్లీ కొనొచ్చు. "కొనొచ్చు" అనే అంటున్నాను. మనసు మార్చుకుని ఆర్డర్ తీసేసినా మనకు తెలియదు. మనం చూసేది అడుగుజాడ మాత్రమే, మనిషిని కాదు.

చార్టు మీద ఎలా గీయాలి

పై నుంచి చూసుకుంటూ రావద్దు. ఇవాళ్టి ధర దగ్గర మొదలుపెట్టి ఎడమవైపు, వెనక్కి జరగండి. వెతకాల్సింది ఒక్కటే, ఒకటి రెండు రోజుల్లో ధర పెద్ద పెద్ద క్యాండిల్స్‌తో ఎక్కడి నుంచి వెళ్లిపోయింది? ఈ పని చేసేవాళ్లు ఆ పెద్దవాటిని ఎగ్జైటింగ్ క్యాండిల్స్ అంటారు, వాటి ముందు నలిగిన చిన్నవాటిని బోరింగ్ క్యాండిల్స్ అంటారు. ఆ బోరింగ్ గుంపే బేస్. అదే మన జోన్.

అంకెలతో చూద్దాం, షేరు కల్పితం. 520 నుంచి దిగుతూ వచ్చింది. 485 చుట్టుపక్కల మూడు రోజులు నలిగింది. ఆ మూడు క్యాండిల్స్ బాడీల్లో (తెరిచిన ధరకూ ముగిసిన ధరకూ మధ్య ఉండే లావు భాగం) అన్నిటికంటే పైన ఉన్న అంచు 489. బాడీకి పైనా కిందా ఉండే సన్నటి గీతలు విక్స్, మూడింటి విక్స్‌లో అన్నిటికంటే కింద ఉన్నది 481. నాలుగో రోజు 491లో తెరిచి 512లో ముగిసింది. ఐదో రోజు 528. అప్పుడు 489 దగ్గర ఒక గీత, 481 దగ్గర ఒక గీత. మధ్యలో ఉన్న ఎనిమిది రూపాయలే డిమాండ్ జోన్. పై గీతను ప్రాక్సిమల్ అనీ, కింది గీతను డిస్టల్ అనీ అంటారు. నేను నా పుస్తకంలో పై గీత, కింది గీత అనే రాసుకుంటాను.

పై గీతకు బాడీ, కింది గీతకు విక్ ఎందుకు? ఇది నాకు చార్టుల కంటే ముందు యార్డులోనే అర్థమైంది. మిర్చికి పొద్దున జెండా పాట అని ఒకటి జరుగుతుంది. ఉన్నవాటిలో మంచి సరుకు ఉన్న ఒక లాట్‌ దగ్గర ఖరీదుదారులంతా గుమిగూడి పాట పాడతారు. అక్కడ పలికిందే ఆ రోజు పై ధర, పేపర్లో వచ్చేది కూడా అదే. ఆ తర్వాత వరసల్లోకి వెళ్తే మిగతా బస్తాల్లో చాలా వాటికి నాణ్యత, తేమ అంటూ అంతకంటే తక్కువే పెడతారు. పేపర్ చూసి బండి కట్టుకుని వచ్చిన రైతు "పొద్దున గంత పలికింది కదా" అని మా దుకాణం ముందు కొట్లాడతాడు. ఆయన కోపం న్యాయమే, కానీ ఆ ధరకు చేతులు మారిన సరుకు కొద్దిదే. క్యాండిల్ విక్ కొన కూడా అంతే. అక్కడ ధర పలికింది నిజమే, సరుకు మాత్రం ఎక్కువగా బాడీ ఉన్న చోటే చేతులు మారింది. అందుకని కొనడానికి బాడీ అంచు చూస్తాను. తప్పుకోవడానికి మాత్రం విక్ కొన దాకా చోటు ఇస్తాను, ఎందుకంటే ఒక్క క్షణమైనా ధర అక్కడి దాకా వెళ్లొచ్చింది కాబట్టి మళ్లీ వెళ్లొచ్చు.

సప్లై జోన్ దీనికి తలకిందులు. కాసేపు నలిగి కిందికి ఉరికిన చోటు. పై ఉదాహరణలో షేరు 560 దాకా వెళ్లి, 552కూ 560కీ మధ్య నాలుగు రోజులు నలిగి, అక్కడి నుంచి జారిందనుకోండి. అదే సప్లై జోన్.

ఏవి వదిలేయాలి

గీయడం ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. అసలు పనంతా చెరిపేయడంలో ఉంది. నేను గీసినవాటిలో ఎక్కువ భాగం అదే రాత్రి చెరిపేస్తాను.

బేస్‌లో ఆరు కంటే ఎక్కువ క్యాండిల్స్ ఉంటే వద్దు. అంత సేపు నలిగిందంటే కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ కావలసినంత దొరికిపోయింది, మిగిలిన ఆర్డర్లు తక్కువ. బయటికి వెళ్లిన దూరం జోన్ వెడల్పుకు రెండింతలైనా లేకపోతే అదీ వద్దు. మన ఉదాహరణలో ఎనిమిది రూపాయల జోన్ నుంచి రెండు రోజుల్లో దాదాపు నలభై రూపాయలు వెళ్లింది, అది పర్వాలేదు.

ఇక తాజాదనం. జోన్ గీశాక ధర ఇప్పటికే ఒకసారి తిరిగొచ్చి తాకి వెళ్లిందా? తాకితే కొన్ని ఆర్డర్లు తినేసింది. రెండుసార్లు తాకితే ఇంకొన్ని. ఎన్నిసార్లు తాకి పైకి లేస్తే సపోర్ట్ (ధర పడకుండా ఆగే చోటు) అంత గట్టిది అని పాత పుస్తకాల్లో ఉంటుంది. నేను ఒప్పుకోను. ఆర్డర్లు అయిపోవడం వల్లే ధర కదులుతుందని ఒప్పుకున్నాక, తాకిన కొద్దీ గట్టిపడుతుందని అనడం పొసగదు. మొదటిసారి తిరిగి వచ్చినప్పుడే కొంటాను. రెండోసారి చాలా బాగుంటే తప్ప కొనను. మూడోసారి అసలే కొనను.

వీక్లీ చార్టు కూడా ఒక్కసారి తెరవండి. డైలీలో ముచ్చటైన డిమాండ్ జోన్ ఉంటుంది, వీక్లీలో చూస్తే దాని నెత్తి మీదే పెద్ద సప్లై జోన్ కూర్చుని ఉంటుంది. అలాంటప్పుడు పైకి వెళ్లడానికి చోటెక్కడ? వీక్లీ కిందికి దిగుతుంటే డైలీ డిమాండ్ జోన్లు ఒకదాని తర్వాత ఒకటి తెగుతాయి.

ఎన్‌ఎస్‌ఈ రోజూ ప్రతి షేరుకూ డెలివరీ శాతం ఇస్తుంది, అంటే ఆ రోజు చేతులు మారినవాటిలో ఎన్ని షేర్లను సాయంత్రానికి నిజంగా ఇంటికి తీసుకెళ్లారో. బేస్ రోజుల్లో ఈ శాతం ఆ షేరుకు మామూలుగా ఉండేదానికంటే ఎక్కువగా ఉంటే నాకు ఇంకాస్త ధైర్యం. ఇది నా సొంత అలవాటు, అందరూ చూడరు.

కంపెనీ త్రైమాసిక ఫలితాలు వారంలో ఉన్నాయంటే ఆ జోన్ ఎంత బాగున్నా పక్కన పెడతాను. చిన్న షేర్ల జోలికి కూడా వెళ్లను. 5 శాతం సర్క్యూట్ (రోజుకు అంతకంటే కదలనివ్వని హద్దు) ఉన్న షేరు లోయర్ సర్క్యూట్‌లో పడితే కొనేవాడు ఒక్కడూ ఉండడు, నష్టం పెరగకుండా అమ్మేయమని పెట్టిన మీ స్టాప్‌లాస్ ఆర్డర్ అలాగే వరసలో నిలబడి ఉంటుంది. మర్నాడు మళ్లీ లోయర్ సర్క్యూట్. డిమాండ్ అంటే ఏమిటో అది పూర్తిగా మాయమైన రోజునే బాగా తెలుస్తుంది. ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) కూడా నడిచే పెద్ద షేర్లకు ఇలాంటి స్థిరమైన సర్క్యూట్ ఉండదు, అందుకే నా జాబితా మొత్తం వాటిలోనిదే.

ఎన్ని కొనాలి

ఇక్కడే మనుషులు తొందరపడతారు. "బావా, ఎంత పెట్టాలె?" అని మా బామ్మర్ది అడుగుతాడు. పెట్టడం సంగతి తర్వాత, ముందు ఎంత పోగొట్టుకుంటావో చెప్పు అంటాను.

చేతిలో లక్ష రూపాయలు ఉన్నాయనుకుందాం. ఒక ట్రేడ్‌లో ఒక శాతం, అంటే వెయ్యి రూపాయలు పోయినా పర్వాలేదు. కొనే ధర పై గీత దగ్గర, ఒక రూపాయి ముందే, 490. స్టాప్‌లాస్ కింది గీత 481 కంటే రెండు రూపాయలు కింద, 479. సరిగ్గా గీత మీదే పెడితే విక్ వచ్చి తాకి పోతుంది. తేడా 11 రూపాయలు. వెయ్యిని 11తో భాగిస్తే 90 షేర్లు. 90 షేర్లకు అయ్యేది 44,100. లక్షలో సగం కూడా కాదు. మిగతా డబ్బు ఊరికే ఉందే అని చేతులు దురద పెడతాయి. ఊరికే ఉండనివ్వండి.

టార్గెట్ ఎదురుగా ఉన్న సప్లై జోన్ కింద, 550. వస్తే 60 రూపాయలు, పోతే 11. ఐదింతలకు పైనే. మధ్యలో 505 దగ్గర ఇంకో సప్లై జోన్ ఉందనుకోండి, అప్పుడు వచ్చేది 15, పోయేది 11. జోన్ ఎంత అందంగా ఉన్నా ఆ ట్రేడ్ వద్దు. కనీసం మూడింతలు రాకపోతే నేను వదిలేస్తాను. లెక్క చూడండి: పది ట్రేడ్లలో ఆరు పోయి నాలుగు వచ్చాయి. పోయింది 6,000, వచ్చింది 12,000. మూడే వచ్చినా 7,000 పోయి 9,000 వస్తుంది. రెండే వస్తే రెండు వేలు నష్టం. అంటే పదిలో ఏడు తప్పినా బతుకుతాం, అదీ ప్రతిసారీ వెయ్యి దగ్గరే ఆగితే. ఒక్కసారి "ఇది తిరుగుతుంది" అని స్టాప్‌లాస్ తీసేస్తే ఈ లెక్క మొత్తం చెల్లదు.

ఖర్చులు కూడా రాసుకోండి. డెలివరీలో కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున లావాదేవీ పన్ను ఎస్‌టీటీ, కొన్నప్పుడు స్టాంప్ డ్యూటీ, అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జీ. ఏడాది లోపు అమ్మి లాభం వస్తే 2024 జూలై 23 నుంచి 20 శాతం పన్ను. ఐదు రూపాయల లాభం కోసం తిరిగేవాళ్లకు ఇవి పళ్లెంలో ఏమీ మిగల్చవు.

ఆర్డర్ పెట్టే తీరు

రాత్రి జోన్ ఖాయం అయ్యాక జీటీటీ ఆర్డర్ పెట్టి పడుకుంటాను. ధర ఫలానా చోటికి వస్తే కొనమనో అమ్మమనో చెప్పి ఉంచే ఆర్డర్ అది. చాలా యాప్‌లలో ఉంది. దీని గురించి మూడు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు.

మొదటిది, అమ్మే జీటీటీ పెట్టినా మీ డీమ్యాట్ ఖాతాకు డీడీపీఐ (అమ్మిన షేర్లను బ్రోకర్ తీసుకోవచ్చనే ఒప్పుకోలు పత్రం) ఇవ్వకపోతే, లేదంటే ఆ రోజు షేర్లు దాచే సంస్థ సీడీఎస్‌ఎల్ టీపిన్‌తో అనుమతి ఇవ్వకపోతే, ట్రిగ్గర్ తగిలినా ఆర్డర్ రిజెక్ట్ అవుతుంది. స్టాప్‌లాస్ పెట్టానని మీరు ధీమాగా ఉంటారు, అక్కడ మాత్రం ఏమీ జరగదు. డీడీపీఐ ఒక్కసారి ఇస్తే చాలు, ముందు ఆ పని చేసుకోండి.

రెండోది, జీటీటీ చాలాచోట్ల, చెప్పిన ధర దాటి పోని లిమిట్ ఆర్డర్‌గానే వెళ్తుంది. స్టాప్ ట్రిగ్గర్ 479, లిమిట్ కూడా 479 పెట్టారనుకోండి. షేరు పొద్దున్నే 470లో తెరిస్తే మీ ఆర్డర్ 479 దగ్గరే నిలబడి ఉంటుంది, ధర కిందికి పోతూనే ఉంటుంది. లిమిట్‌ను ట్రిగ్గర్ కంటే బాగా కింద పెట్టండి. అప్పుడు మార్కెట్లో ఉన్న ధరకే అమ్ముడవుతుంది.

మూడోది, బోనస్, స్ప్లిట్ లాంటివి వస్తే చాలా బ్రోకర్ల దగ్గర జీటీటీలు రద్దయిపోతాయి. వారానికి ఒకసారైనా అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

పొద్దున మాత్రం ఒక్క నిమిషం పని ఉంటుంది. 9 గంటలకు ప్రీ ఓపెన్ మొదలవుతుంది. 9:15 లోపే షేరు ఎక్కడ తెరవబోతోందో తెలిసిపోతుంది. జోన్ కింది గీత కంటే కింద తెరుచుకునేలా ఉంటే కొనే ఆర్డర్ తీసేస్తాను. కాంటా దగ్గర నిలబడి కూడా చేయగలిగిన పని ఇది.

ఎందుకు తీసేయాలో నిఫ్టీ ఒకసారి అందరికీ చూపించింది. 2025 మార్చి 4న 21,964 దాకా దిగి, కొన్ని రోజులు అక్కడక్కడే తిరిగి, ఆ నెల చివరి వారానికి 23,800 దాటింది. డైలీ చార్టులో చక్కని డిమాండ్ జోన్. ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చింది. ఏప్రిల్ 7 సోమవారం నిఫ్టీ, శుక్రవారం ముగింపు కంటే వెయ్యికి పైగా పాయింట్లు కింద, 21,750 ప్రాంతంలో తెరుచుకుంది. అంటే జోన్‌లోకి దిగలేదు, జోన్ మీదుగా దూకి కింద పడింది. నిఫ్టీతో పాటే కదిలే నిఫ్టీ ఈటీఎఫ్‌లో జోన్ పై గీత దగ్గర కొనే ఆర్డర్ పెట్టి ఉంచినవాళ్లకు ఆ ఉదయం ఆర్డర్ పడింది, కానీ పడేసరికే ధర వాళ్లు అనుకున్న స్టాప్ కంటే కింద ఉంది. ఆ తర్వాత నిఫ్టీ మే 15కల్లా 25,000 పైన ముగిసింది, కాబట్టి పట్టుకుని కూర్చున్నవాళ్లు గట్టెక్కారు. దాన్ని చూసి స్టాప్ వద్దనుకోకండి. ఆ ఉదయం ఎంత దాకా పోతుందో ఎవరికీ తెలియదు. రాత్రికి రాత్రి వార్త వస్తే జోన్లో ఉన్న ఆర్డర్లు పెట్టినవాళ్లే తీసేస్తారు. గీత మీ చార్టులోనే మిగిలి ఉంటుంది.

గ్యాప్ వల్ల పోయేది లెక్కకు మించుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. మన 90 షేర్లు కొన్నాక ఒక పొద్దున 465లో తెరిస్తే పోయేది వెయ్యి కాదు, 2,250. అందుకే ఒకేసారి ఐదారు షేర్లు పట్టుకుంటే అన్నీ బ్యాంకులో, అన్నీ ఐటీలో ఉండకుండా చూస్తాను.

సప్లై జోన్ నాకు ఎగ్జిట్ గుమ్మమే. క్యాష్ మార్కెట్లో చేతిలో లేని షేరును అమ్మి రాత్రంతా ఉంచుకోవడం కుదరదు. అదే రోజు తిరిగి కొనాలి, లేదంటే ఫ్యూచర్స్‌కు వెళ్లాలి. నేను రెండూ చేయను. కాబట్టి సప్లై జోన్ దగ్గర అమ్ముకుని బయటపడటం, అంతకుమించి ఏమీ లేదు.

పసుపు సంగతి

మన దగ్గరివాళ్లు ఇది చదివి నిజామాబాద్ పసుపు గురించి అడుగుతారు, అడిగారు కూడా. సరుకుల ఎక్స్ఛేంజ్ అయిన ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ ఉన్నాయి, నిజామాబాద్ దానికి డెలివరీ కేంద్రం. చార్టు మీద జోన్లు గీసే తీరు షేర్లకు చెప్పిందే. కానీ లాట్ చూడండి. ఒక కాంట్రాక్టు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. క్వింటా 14,000 ఉంటే ఒక్క లాట్ విలువ 7 లక్షలు. మార్జిన్ అని అందులో కొంతే ముందుగా కట్టినా, ధర క్వింటాకు వంద రూపాయలు కదిలితే మీ ఖాతాలో కదిలేది 5,000. జోన్, స్టాప్ కలిపి 300 వెడల్పు ఉంటే ఒక్క లాట్‌కే 15,000 పోతుంది. ఒక శాతం నియమం పాటించాలంటే చేతిలో 15 లక్షలు ఉండాలి. లక్ష రూపాయలతో చేస్తే ఒక్క తప్పుకే పదిహేను శాతం పోయినట్టు.

గడువు దగ్గర పడ్డాక బయటపడకపోతే సరుకు ఇవ్వాలి లేదా తీసుకోవాలి. ఆర్మూర్ దగ్గర పసుపు వేసే మా తోడల్లుడికి అది భయం కాదు, ఆయన దగ్గర కొమ్ములు ఉంటాయి. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పట్టించిన సరుకు ఇంట్లో ఉన్నవాడికి ఫ్యూచర్స్ ధర ఒక రక్షణ. సరుకు లేని నాకూ మీకూ అది వేరే ఆట. పైగా ఆయనకు కొత్త పంట యార్డుకు ఎంత వస్తోందో కళ్లముందు కనిపిస్తుంది, మనకు చార్టు వచ్చాకే కనిపిస్తుంది. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైనప్పుడు ఇక ధర పెరగడమే అని చాలామంది అన్నారు. బోర్డు మంచిదే కావచ్చు. కానీ ప్రారంభోత్సవం వల్ల ఆర్డర్ బుక్‌లో ఒక్క వరస కూడా చేరదు.

ప్రభుత్వం చేతి కింద ఉండే సరుకులు కదా, ఇంకో ప్రమాదం ఉంది. 2021 డిసెంబర్‌లో మార్కెట్లను నియంత్రించే సెబీ శనగలు, గోధుమలు, ఆవాలు సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ను ఆపేసింది. పసుపు ఆ జాబితాలో లేదు. కానీ వ్యవసాయ సరుకుల ఫ్యూచర్స్ పట్టేవాళ్లు అలా జరగొచ్చన్న సంగతి తెలిసే పట్టాలి.

మా బామ్మర్ది ఆప్షన్లు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బామ్మర్దికి ఇదంతా నత్తనడక. "బావా, ఇదే జోన్ దగ్గర నిఫ్టీ కాల్ కొంటే ఒక్క రోజులో డబులైతది" అంటాడు. అవుతుంది, అప్పుడప్పుడు. కాల్ ఆప్షన్ అంటే గడువులోగా ధర పెరుగుతుందని కట్టే పందెం లాంటిది. జోన్ సరిగ్గా పనిచేసి, ధర అక్కడే మూడు రోజులు నలిగి ఆ తర్వాత పైకి వెళ్లినా, వీక్లీ ఆప్షన్ ఆ మూడు రోజుల్లో కరిగిపోతుంది. దిశ సరిగ్గా చెప్పి కూడా డబ్బు పోగొట్టుకునే చోటు అది. సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లు, అంటే ఎఫ్‌అండ్‌ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైన. ఇది చూపించాను. "ఆ ఏడు శాతంలో ఉంటా" అన్నాడు. అక్కకు చెప్పమంటావా అని అడిగాక ఆ మాట మళ్లీ తేలేదు.

పుస్తకం

చివరగా ఒక పుస్తకం పెట్టుకోండి. ఎక్సెల్ అయినా సరే, నాకైతే చేత్తో రాస్తేనే బుర్రకు ఎక్కుతుంది. తేదీ, షేరు, పై గీత, కింది గీత, కొనే ధర, స్టాప్, టార్గెట్, ఎన్ని షేర్లు, ఎంత పోవచ్చు. ఇవన్నీ ఆర్డర్ పెట్టకముందే నిండాలి. ట్రేడ్ అయ్యాక రాసేవి రెండే, అమ్మిన ధర, ఎందుకు అమ్మానో.

వదిలేసిన జోన్లను కూడా రాయండి, ఎందుకు వదిలేశారో ఒక మాటలో, "ఫలితాలు", "రెండోసారి", "వీక్లీ సప్లై", "చోటు లేదు" అని. మూడు నెలలయ్యాక వెనక్కి వెళ్లి అవి ఏమయ్యాయో చూడండి. నా పుస్తకంలో "రెండోసారి" అని వదిలేసినవి కొన్ని బాగానే ఎక్కాయి, అందుకే దాన్ని కచ్చితమైన నియమంగా పెట్టుకోలేదు. "ఫలితాలు" అని వదిలేసినవి మాత్రం పైకీ కిందికీ ఎటు పడితే అటు గ్యాప్‌లో వెళ్లాయి, దాన్ని సడలించే ప్రసక్తే లేదు. మీ షేర్లు వేరు కాబట్టి మీ పుస్తకం వేరే చెప్పొచ్చు. దాన్ని బట్టే మీ నియమాలు మార్చుకోండి, నావి పట్టుకుని కాదు.

మొదటి మూడు నెలలూ ఆర్డర్ పెట్టకుండా రాయండి. ఆ తర్వాత లెక్క ప్రకారం 90 షేర్లు వచ్చినా ఐదే కొనండి. డీడీపీఐ, జీటీటీ, ప్రీ ఓపెన్ అన్నీ ఆ ఐదు షేర్ల మీద ఒకసారి నడిచాక మిగతా 85 గురించి ఆలోచించవచ్చు.